‘ఏమే’ తప్పు మాట కాదని చెప్పింది నేనే

వినేవాడి పని

ముప్పై ఎనిమిదేళ్ళు మైకులతో బతికాను. రొంపిచెర్ల దగ్గర మా ఊరి చర్చిలో క్రిస్మస్ నాటకానికి వైర్లు పట్టుకోవడంతో మొదలుపెట్టాను. పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు, పార్టీ సభలు అన్నీ అయ్యాక చివరి పదకొండేళ్ళు నరసరావుపేటలో ఒక లోకల్ కేబుల్ ఛానల్లో సౌండ్ చూసుకున్నాను. నా పేరు దానియేలు. పేటలో మైకు దానియేలు అని అడిగితేనే మా ఇల్లు చూపిస్తారు. వట్టి దానియేలు అంటే పాస్టరు గారి బామ్మర్ది ఇంటికి తీసుకెళ్ళి వదిలేస్తారు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఫోన్ చేసి ఏ మిక్సర్ కొనాలి, ఏ మైకు మంచిది అని అడుగుతుంటారు. దుకాణం వాడు ఏది అంటగడితే అది కొనుక్కోండి, పెద్ద తేడా ఉండదు. మన పని వినిపించడం అని అందరూ అనుకుంటారు. నిజానికి మన పని వినడం. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నవాడికి లోకం గుట్టంతా తెలిసిపోతుంది. పెళ్ళికొడుకు పీటల మీద మామగారిని ఏమని తిట్టుకున్నాడో పురోహితుడి కంటే ముందు నాకే తెలిసేది.

ఒకసారి మాచర్ల వైపు ఒక సభలో ఒక పెద్దమనిషి రైతుల కష్టాల గురించి గంటసేపు కన్నీళ్ళు పెట్టుకుని మాట్లాడాడు. మాట్లాడి కుర్చీలో కూర్చుని, పక్కవాడితో ‘వీళ్ళు ఇంకా లేవరేందయ్యా, నాకు ఆకలేస్తంది’ అన్నాడు. నేను మైకు ఆపడం మరిచిపోయాను. సభంతా విన్నది. పాపం మర్యాదస్థులు, అందరూ లేచి వెళ్ళిపోయారు. ఆ రోజు నాకు కూలి రాలేదు, చెంప మీద ఒకటి వచ్చింది.

మైకు ఆపడం మరిచిపోవడం ఒక రకం తప్పు. కావాలని ఆపకపోవడం రెండో రకం. రెండూ చేశాను, రెండూ నవ్వుతూ చెప్పుకోగలను. ఇక్కడ చెప్పబోయేది మూడో రకం. మైకు శుభ్రంగానే పనిచేసింది, నా బుర్రే పనిచేయలేదు.

గడప దాటొద్దు

మా ఛానల్ యజమాని చలపతి గారు. ఆయన ఒకప్పుడు క్యాసెట్లు అద్దెకిచ్చేవాడు. జనం ఏడుపు సినిమాల క్యాసెట్లు ఆలస్యంగా తెచ్చిచ్చేవాళ్ళట, రెండుసార్లు చూసి. ఆ ఒక్క సంగతి మీద ఆయన తన జీవిత సిద్ధాంతమంతా కట్టుకున్నాడు. ఎవరైనా ఏడిస్తే చాలు, ఊరంతా టీవీ ముందు కూర్చుంటుందని ఆయన నమ్మకం. మనిషి చెడ్డవాడు కాదు. జీతం ఆపలేదు, ఆసుపత్రి ఖర్చులకు అడిగితే లేదనలేదు. కాకపోతే ఎదుటివాళ్ళ కళ్ళలో నీళ్ళు చూస్తే ఆయనకు పంట చేతికొచ్చినంత సంబరం.

పెద్ద ఛానళ్ళలో మనుషుల్ని ఒక ఇంట్లో పెట్టి తాళం వేసే ఆటలు చూసి, మనమూ ఒకటి చేద్దామన్నాడు. ఊరి చివర ఒక కల్యాణ మండపం పదిహేను రోజులు తీసుకున్నాం. ముహూర్తాలు లేని మూఢం రోజులు కాబట్టి చవగ్గా దొరికింది. ఎనిమిది మంది పోటీదారులు. తాళం వేయడం మాత్రం ఆయనకు ఇష్టం లేకపోయింది. తలుపులు బార్లా తీసి, గడపకు పసుపు కుంకుమ పూయించి, ఎవరైనా తమంతట తాము దాటితే ఆట పోయినట్టే అన్నాడు. అందుకే దానికి ‘గడప దాటొద్దు’ అని పేరు. రోజూ సాయంత్రం గంటసేపు వేసేవాళ్ళం, ఆదివారం లైవ్. లోపలి వాళ్ళకు నియమాలు చెప్పే గొంతు ఒకటి స్పీకర్లో వినిపించేది. ఆ గొంతు చలపతి గారిదే. దానికి ఆయన పెట్టుకున్న పేరు ‘గడప వాణి’.

ఆ ఎనిమిది మందిలో జాన్‌బీ ఒకతె. నడికుడిలో వాళ్ళ నాన్నకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ మళ్ళీ చుట్టే పని. ఆ అమ్మాయి చిన్నప్పటి నుంచి అదే చేసి, చేతివేళ్ళ సందుల్లో వార్నిష్ మరకలు శాశ్వతంగా ఉండిపోయాయి. పనిలో దిట్ట. కానీ మోటారు ఆలస్యమైందని ఒక రైతు గొంతు పెంచితే చాలు, లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చునేది. వాళ్ళ నాన్నకు చూపు మందగించింది. ఆయన ఒక మాట తెగేసి చెప్పాడు. పదిహేను రోజులు నలుగురు కొత్తవాళ్ళ మధ్య నిలబడి వస్తే షాపు తాళాలు నీకిస్తాను, మధ్యలో పారిపోయి వచ్చావా, షాపు ఇంకొకళ్ళకు అప్పజెప్పి ఇంట్లో కూర్చుంటాను అన్నాడు. మిగతా ఏడుగురూ పేరు కోసం వచ్చారు, జాన్‌బీ తాళాల కోసం వచ్చింది.

మొదటిరోజు కాలర్ మైకు తగిలిస్తుంటే స్పీకర్ వైపు చెవి పెట్టి, “బాబాయ్, నీ పెట్టెలో గుయ్యిమంటంది, ఎర్త్ సరిగా పడలేదు” అన్నది. చూస్తే నిజమే. ముప్పై ఎనిమిదేళ్ళ అనుభవం గలవాణ్ణి, సిగ్గుపడి వైరు మార్చాను. అప్పటి నుంచి ఆమె గొంతు నా హెడ్‌ఫోన్లలో వినిపిస్తే కొంచెం శ్రద్ధగా వినేవాణ్ణి.

పెళ్ళికూతురు గది

లాస్య అని ఇంకో అమ్మాయి. పేటలో ఫంక్షన్లకు యాంకరింగ్ చేస్తుంది. నాలుక మీద టీవీ తెలుగు, నోటినిండా గారు. వంట గదిలోకి పిల్లి వస్తే దాన్ని కూడా గారు అనేదేమో. ఒక్క జాన్‌బీని మాత్రం ‘ఏమే’ అనేది. ఏమే, గిన్నెలు తోము. ఏమే, నీ చేత్తో ముట్టిన అన్నం గ్రీజు వాసన వస్తోంది. జాన్‌బీ నడిచొస్తుంటే మోటారు స్టార్టు అయినట్టు గొంతుతో గుర్రుమనేది. మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. లాస్యకు ఎదురు చెబితే తమ వంతు వస్తుందని వాళ్ళ భయం.

మండపంలో పెళ్ళికూతురు గదిలో అద్దం చుట్టూ బల్బులుంటాయి కదా, అక్కడ ఒక కెమెరా పెట్టాం. ఫిర్యాదులున్నవాళ్ళు వచ్చి దానితో చెప్పుకోవాలి. నాలుగో రోజు పొద్దున జాన్‌బీ వచ్చి కూర్చుంది. గిన్నెల సంగతి చెప్పలేదు, గుర్రుమనే సంగతి చెప్పలేదు. “సార్, ఆమె అందర్నీ గారు అంటంది, నన్ను ఏమే అంటంది. ఆ ఒక్క మాట ఆపమని చెప్పండి” అన్నది. అంతే.

ఇంట్లో బూతు మాట్లాడితే హెచ్చరిక అని నియమం ఉంది. పక్క గదిలో మా అందరితో కూర్చుని ఇదంతా వింటున్న చలపతి గారు నావైపు తిరిగి, పల్లె మాటల్లో నువ్వే కదయ్యా మాకు దిక్కు, ఏమే అనేది బూతేనా అని అడిగాడు. నా నోట్లో ఇడ్లీ ఉంది. అది మింగే లోపు ఆలోచించి ఉంటే ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

“బూతేందండీ, మా ఆవిణ్ణి రోజుకు నలభై సార్లు అంటా. ప్రేమ ఎక్కువైన రోజు యాభై” అన్నాను.

గదిలో అందరూ పగలబడి నవ్వారు. నవ్వించినందుకు నాకు గర్వం కూడా వేసింది. కాసేపటికి స్పీకర్లో గడప వాణి గంభీరంగా పలికింది. ఏమే తప్పు మాట కాదు, చనువు మాట, పోటీదారులు సర్దుకుపోవాలి. జాన్‌బీ సరేనండి అని లేచి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం నుంచి ఇల్లంతా అదే మాట. అంతకు ముందు ఆమెను అమ్మా అని పిలిచిన తోటి పోటీదారు ట్యూషన్ మాస్టారు కూడా ఏమే అన్నాడు, పైనుంచి అనుమతి వచ్చింది కదా. జాన్‌బీ తీరిక దొరికినప్పుడల్లా వెళ్ళి గడప దగ్గర నిలబడేది. కాలివేళ్ళకూ పసుపుకూ మధ్య జానెడు జాగా. కెమెరా ఆ పాదాల మీదే పెట్టమని చలపతి గారి ఆజ్ఞ. జనం పాదాలు చూశారు. నాకు మాత్రం ఆమె ఊపిరి వినిపించేది. ఏడవడానికి ముందు బిగబట్టి, మళ్ళీ వదిలి, లోపలికి తిరిగి వెళ్ళేది.

మరుసటి రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళి, ఏమే నీళ్ళు తే అన్నాను. మా మరియమ్మ కదల్లేదు. ముందు రోజు కార్యక్రమం చూసింది. ఆ ముక్క ఎవరు చెప్పారని అడిగింది. నేనే అన్నాను, ఇంకా నవ్వుతూనే.

“నువ్వు నన్ను ఏమే అంటావు, కోపమొస్తే నేను నిన్ను ఏందిరా అంటా. మీ అమ్మ ముందే అన్నా. ఆ పిల్ల ఆమెను తిరిగి అనగలదా?” అన్నది.

అన్నం పెట్టింది, నీళ్ళు మాత్రం నన్నే తెచ్చుకోమన్నది. తిరిగి అనగలిగితేనే చనువు, అనలేకపోతే పెత్తనం. ఈ ముక్క తెలియడానికి నాకు ముప్పై ఏళ్ళ కాపురం సరిపోలేదు.

కుయ్

వెంటనే వెళ్ళి చలపతి గారికి చెప్పాను, నేను తప్పు చెప్పానండీ, ఆ ప్రకటన మార్చండి అని. గడప వాణి ఒకసారి పలికితే పలికినట్టే అన్నాడు. పైగా చూసేవాళ్ళు పెరిగారట. నేను గట్టిగా నిలబడి ఉండాల్సింది. నిలబడలేదు. దొడ్డిదారి వెతుక్కున్నాను.

సౌండ్ మనిషి దగ్గర ఒక ఆయుధం ఉంటుంది. బూతు వచ్చిన చోట కుయ్‌మని మోత పెట్టడం. సాయంత్రం కార్యక్రమంలో లాస్య ఏమే అన్న ప్రతిసారీ కుయ్ పెట్టాను. ఆ మాట ఊరి చెవిన పడకుండా చేశానని నాలో నేనే మురిసిపోయాను.

జరిగింది వేరు. ‘కుయ్, గిన్నెలు తోము’, ‘కుయ్, ఇటు రా’ అని వినేసరికి జనం తలా ఒక బూతు ఊహించుకున్నారు. టీ కొట్ల దగ్గర పందాలు కాశారు. మూడు రోజుల్లో లాస్య అనని బూతు పల్నాడులో మిగల్లేదు. చలపతి గారికి సంగతి తెలిసినా, టీ కొట్ల సందడి చూసి ఊరుకున్నాడు.

కుయ్ మొదలైన నాలుగో రోజు ఒకావిడ మా ఆఫీసుకు వచ్చింది. లాస్య వాళ్ళ అమ్మ. జాకెట్లు కుడుతుందట, మెడలో టేపు అలాగే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. “బాబూ, మా పిల్ల ఏ మాట అన్నదో చెప్పండి. ఎంత చెడ్డదైనా వింటా” అన్నది. ఏమే అన్నదమ్మా అన్నాను. ఆవిడ నమ్మలేదు. అంతేనా అని రెండుసార్లు అడిగింది. అంతే అయితే ఎందుకు మోత పెట్టారని అడిగింది. నేను మిక్సర్ మీద దుమ్ము తుడుస్తూ కూర్చున్నాను. 

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది రాసి పెట్టుకోండి. తప్పు ఎంత ఉందో అంతే వినిపించాలి. మోత పెడితే చిన్న తప్పు పెద్దదై అన్నవాళ్ళ మీద పడుతుంది, పడ్డవాళ్ళ బాధ మాత్రం ఎవరికీ వినపడదు. ఆ సాయంత్రం నుంచి కుయ్ మానేశాను.

ఆదివారం లైవ్

శనివారం జాన్‌బీ మళ్ళీ పెళ్ళికూతురు గదికి వచ్చింది. ఒక అనుమానం ఉందన్నది. ఏమే తప్పు మాట కాదన్నారు కదా, అది నన్నొక్కదాన్నే అనాలా, ఎవరినైనా అనొచ్చా అని అడిగింది. చలపతి గారి కళ్ళు మెరిశాయి. రేపు లైవ్‌లో లాస్యతో జుట్టూ జుట్టూ పట్టుకుంటారని లెక్క వేసుకున్నాడు. గడప వాణి ఉదారంగా పలికింది. ఎవరినైనా అనొచ్చు, ఆడవాళ్ళయితే ఏమే, మగవాళ్ళయితే ఏరా, చనువుకు హద్దు లేదు. జాన్‌బీ ఆ మాట ఇంకోసారి చెప్పించుకుని వెళ్ళింది.

ఆదివారం మండపం డైనింగ్ హాల్లో స్టేజీ. ఎదురుగా కుర్చీల నిండా జనం, ముందు వరసలో ఈ కార్యక్రమానికి ఖర్చు పెట్టిన చీరల షాపు యజమాని. చలపతి గారు పట్టు చొక్కా వేసుకుని, మైకు పట్టుకుని ఒక్కొక్కరినీ కుశలం అడుగుతూ వచ్చాడు. ఏం జాన్‌బీ, ఎలా ఉన్నావు అన్నాడు.

“బాగున్నా. ఏరా చలపతీ, నువ్వు అన్నం తిన్నావా?”

 చలపతి గారి నవ్వు ఉన్నచోటనే ఆగిపోయింది. స్టేజీ పక్కన మిక్సర్ ముందు కూర్చున్న నావైపు చూసి, ఆమె మైకు ఆపమని చెయ్యి ఊపాడు. నా వేలు ఆ మీట మీదే ఉంది. కిందికి లాగడానికి అరక్షణం పడుతుంది. వేలు తీసి తల గోక్కున్నాను. ఆయన ఇంకా కంగారుపడి, తన చేతిలో మైకు ఉందన్న సంగతి మరిచిపోయి, దానియేలూ ఆ అమ్మాయి మైకు కట్ చెయ్ అన్నాడు. ఊరంతా విన్నది.

 కాలర్ మైకులో జాన్‌బీ గుండె కొట్టుకోవడం కూడా నాకు వినిపిస్తోంది. గొంతు మాత్రం పెంచలేదు, తగ్గించలేదు. “తప్పు మాట కాదని మీరే చెప్పారు గదండీ. తప్పయితే చెప్పండి, నన్ను పంపించేయండి. నాతోపాటు ఆ మాటన్న వాళ్ళందర్నీ పంపించండి. తప్పు కాకపోతే చెప్పండి, రోజూ ఇట్టాగే పలకరిస్తా.”

చలపతి గారు ఇరుక్కున్నాడు. తప్పంటే ఇంట్లో మిగిలేది గ్యాసు సిలిండరు ఒక్కటే. కాదంటే మిగిలిన రోజులన్నీ ఊరంతా వింటుండగా ఏరా చలపతీ. ముందు చీరల షాపు ఆయన నవ్వాడు. తర్వాత హాలంతా నవ్వింది. వెనక వరసలో ఒక ముసలావిడ లేచి, చెప్పవయ్యా, తప్పా కాదా అని అడిగింది.

తప్పే అన్నాడు చలపతి గారు. మైకులోనే అన్నాడు.

“అయితే నన్నన్నా తప్పేనండీ” అన్నది జాన్‌బీ.

ఆయన తేరుకోవడానికి ఒక ఎత్తు వేశాడు. లాస్యను కూడా ఒకసారి ఏమే అను, లెక్క సరిపోతుంది అన్నాడు. జాన్‌బీ లాస్య వైపు చూసింది. “ఆమెను అననండీ. అనడం రాక కాదు. పడితే ఎట్టా ఉంటదో నాకు తెలుసు” అన్నది. లాస్య తల దించుకుంది. ఎవరినీ ఇంటికి పంపలేదు, కానీ ఆ మాట ఆ రోజుతో ఆగిపోయింది. వాళ్ళిద్దరూ ఆ తర్వాత కావలించుకోలేదు, స్నేహితులు కాలేదు. కానీ లాస్య ఆమెను పేరు పెట్టి పిలిచింది, ఎవరి గిన్నెలు వాళ్ళు తోముకున్నారు.

ఆట గెలిచింది పెదకూరపాడు నుంచి వచ్చిన ఒక పిండివంటల ఆయన. జాన్‌బీది అయిదో స్థానం. పదిహేనో రోజు అందరితో పాటు ఆమె గడప దాటుతుంటే వాళ్ళ నాన్న బయట ఎదురుచూస్తున్నాడు. చూపు సరిగా ఆనక అడుగుల చప్పుడు బట్టి గుర్తుపట్టి, తాళాల గుత్తి చేతికందించాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. చలపతి గారు చూసి ఉంటే కెమెరా నామీదికి తిప్పించేవాడు.

ఆ మరుసటి వారమే నాకు శాలువా కప్పి, మిఠాయి పెట్టె ఇచ్చి, ఇక విశ్రాంతి తీసుకో దానియేలూ అన్నారు. నా రిటైర్మెంట్ కథ అదే.

నడికుడి

కొన్ని నెలలకు మా ఇంటి బోరు మోటారు కాలింది. పేటలో వైండింగ్ షాపులు లేక కాదు, దాన్ని తీసుకుని నడికుడి వెళ్ళాను. జాన్‌బీ కౌంటర్లో ఉంది. ఒక రైతు బల్ల గుద్ది అరుస్తున్నాడు. ఆమె అతను అరవడం పూర్తయ్యే దాకా ఆగి, మోటారు రేపు పొద్దునకు ఇస్తాను, అరిస్తే ఎల్లుండికి ఇస్తాను అన్నది. అతను బల్ల మీద చెయ్యి తీశాడు.

నన్ను చూసి బాబాయ్ అంటూ లేచి, కుర్చీ తుడిచి, టీ తెప్పించింది. ఆ రోజు లైవ్‌లో నా మైకు ఆపకుండా కాపాడావు బాబాయ్, నీ రుణం తీర్చుకోలేను అన్నది. టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఊరుకుని ఉంటే ఆ అమ్మాయి దగ్గర ఎప్పటికీ నేనొక మంచివాణ్ణి. ఊరుకోలేకపోయాను. ఏమే తప్పు మాట కాదని చలపతి గారికి చెప్పింది నేనే అన్నాను. ఇడ్లీ తింటూ చెప్పానని, అందరూ నవ్వారని, ఆ నవ్వు నాకు బాగుందని కూడా చెప్పాను.

ఆమె రసీదు రాస్తున్న చెయ్యి ఆగింది. కాసేపు నా మోటారు వైపు చూసింది. తర్వాత రాయడం పూర్తి చేసి, కాగితం చింపి నా చేతికిచ్చింది.

“రేపు సాయంత్రం రండి దానియేలు గారూ.”

నన్ను జీవితంలో గారు అన్నవాళ్ళు తక్కువ. అనిపించుకోవాలని ఎంత ఆశపడ్డానో నాకే తెలుసు. అప్పటి దాకా బాబాయ్ అన్న నోరు గారు అంటే మా వైపు ఏమిటో అర్థం, చెప్పనక్కర్లేదు. చలపతి గారి శాలువా కంటే అదే నాకు ఎక్కువ తగిలింది.

మరునాడు మోటారు తీసుకుంటూ, బాబాయ్ అనమ్మా అని అడిగాను. సిగ్గు విడిచే అడిగాను.

“అంటా. కానీ నువ్వు నాకొక్కదానికే చెప్పావు. నన్ను అందరూ వింటుండగా గదా ఏమే అని పిలిచింది. అందరికీ చెప్పు, అప్పుడు చూద్దాం” అన్నది.

నా దగ్గర ఇప్పుడు మైకు లేదు, కాగితం ఉంది. అందుకే రాశాను. ఆట నాలుగో రోజు పొద్దున, నోట్లో ఇడ్లీతో, నేను చెప్పింది తప్పు. ఇది అచ్చయ్యాక ఒక కాపీ తీసుకెళ్ళి నడికుడిలో ఆ కౌంటర్ మీద పెడతాను. చదివి తలెత్తి నన్ను ఏమని పిలుస్తుందో వినాలి.